పౌర సంబంధములు : పద విచారము, నిర్వచన పరిణామము

ఒక విద్యకు నిర్వచనము కుదురుటకు ముందు దాని పేరు కుదురవలెను. ఆంగ్లమున పబ్లిక్ రిలేషన్స్ అని వ్యవహరింపబడు విద్యకు తెలుగున నేటికిని రెండు పేర్లు చెల్లుచున్నవి. ప్రభుత్వ శాఖ పేరున పౌర సంబంధములని యున్నది. వ్యాపార సంస్థలవారును ఆ వృత్తిలోనివారును తరచుగా ప్రజా సంబంధములని వాడుదురు. ఈ రెండును పర్యాయపదములేయని యెంచి ముందునకు సాగిపోవుట పరిపాటియైనది. అట్లు సాగిపోవుటకు మాకు సంకోచము కలదు. పేర్లు రెండైనచోట భావములును రెండై యుండునేమోయని పరిశీలించుట భాషాభ్యాసకుల ధర్మము.

ఇది వాణిజ్యశాస్త్రమువారికిని పత్రికా రచనాశాఖవారికిని సంబంధించిన విషయము, తెలుగు శాఖవారికి దీనితో నేమి పనియని కొందరడుగవచ్చును. ఒక సంస్థ జనులతో మాటలాడునపుడు వాడుకొను పరికరము భాష. ఆ భాష ఎవరిది, అందు ఎవరి మాట చెల్లును, ఎవరి మాట చెల్లదు అను ప్రశ్నలు సాహిత్య విమర్శకు క్రొత్తవి కావు. అందును శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములందు నూరు సంవత్సరములకు పైగా నీ ప్రశ్న నడచుచున్నది. ఎచ్చెర్లలో నుండి వ్రాయు మేము నిదర్శనములకై దూరము పోనక్కరలేదు.

మేము ప్రతిపాదింపనున్న విషయ మొక్కటే. నూరేండ్లుగా ఈ విద్య నిర్వచనము ఏకముఖ ప్రచారమునుండి పరస్పరావగాహన వరకు మారినదని గ్రంథములు చెప్పుచున్నవి. కాని యీ మార్పును సంస్థ పలికిన మాటలనుబట్టి కొలుచుట చాలదు. జనుల ప్రత్యుత్తరము, వారి పలుకుబడిలోనే, సంస్థ దస్తరములోనికి ఎక్కినదా లేదా యనుదానినిబట్టి కొలువవలెను.

పద విచారము

పుర శబ్దమునుండి పుట్టిన పౌర శబ్దమునకు పురమునందుండువాడని తొలి యర్థము. పౌరుడు, పౌరసత్వము అను మాటలలో నేడది రాజ్యాంగము హక్కులొసగిన వ్యక్తిని తెలుపుచున్నది. పౌర విమానయానము, పౌర సరఫరాలు అను ప్రయోగములందు సైనికము కానిదను అర్థము వచ్చినది. ప్రజ యనగా సంస్కృతమున సంతానము. అటుపిమ్మట రాజు పాలనలోని జనము. రాజు తండ్రి, జనులు బిడ్డలు అను భావన ఆ పదము గర్భమున కలదు. ప్రజారోగ్యము మొదలగు సమాసములలో పబ్లిక్ శబ్దమునకు ప్రజయే సమానార్థకమైనది. కావున పౌర సంబంధము అన్నపుడు ఎదుటివాడు హక్కుగలవాడు. ప్రజా సంబంధము అన్నపుడు, వ్యుత్పత్తినిబట్టి చూచిన, సంరక్షింపబడవలసినవాడు. ప్రజాస్వామ్యము వచ్చిన పిమ్మట ప్రజ శబ్దమునకు గౌరవము పెరిగినమాట నిజమే. అయినను రెండు పదముల పూర్వవాసన పూర్తిగా పోలేదు.

ప్రచారము అను మాట మరింత చిక్కైనది. ప్రాపగాండా, పబ్లిసిటీ అను రెండు ఆంగ్ల పదములకును తెలుగున నదియే గతి. వదంతి వ్యాపించినను "అట్లు ప్రచారములో నున్నది" అందుము. ప్రకటన యను మాటయు నట్టిదే. మంత్రి చెప్పినదియు ప్రకటనయే, సబ్బు అమ్ముకొనువాడు పత్రికలో వేయించినదియు ప్రకటనయే. ఒక పదములో నిన్ని భేదములు కలిసిపోవుట భాషకు లోపమని మేమనము. ఈ పనులన్నియు నొకే తీరువని జనులు గ్రహించియున్నారనుటకు నిది సాక్ష్యము కావచ్చును.

ఇక సంబంధము. ఆంగ్లమున రిలేషన్స్ అనునది నిర్లిప్తమైన మాట. తెలుగు ఇంటిలో సంబంధమన్న వెంటనే తోచునది వివాహ సంబంధము. సంబంధము చూతురు, కలుపుకొందురు, కుదుర్చుకొందురు, తప్పిపోయినదందురు. ఇచ్చువారు పుచ్చుకొనువారు ఇద్దరును ఊకొట్టనిదే సంబంధము లేదు. నడుమ పెండ్లిండ్ల పేరయ్య యుండును. వేయి అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయవలెనను లోకోక్తి అతని వృత్తిధర్మమును తెలుపుచున్నది. ఈ విద్య చరిత్రయంతయు ఆ లోకోక్తినుండి బయటపడుటకు చేసిన యత్నమని చెప్పినచో తప్పులేదు.

పాశ్చాత్య నిర్వచనముల క్రమము

అమెరికాలో 19వ శతాబ్దమున నాటకశాలలకును సర్కసులకును పేరు తెచ్చిపెట్టు ప్రచారకులుండిరి. వారికి సత్యముతో పనిలేదు. పత్రికలో పేరు పడుటయే చాలును. ఆ మార్గమునుండి చీలినవాడు ఐవీ లీ. ఆయన 1906లో పత్రికలకొక ప్రకటన పత్రము పంపి, తాను పంపు వార్తలు బహిరంగముగా నుండుననియు, సరియైన సమాచారమే యిచ్చెదననియు ప్రతిజ్ఞ చేసెను. నిర్వచనమున సత్యము మొదటిసారి ప్రవేశించినది ఇచ్చటనే. అయినను 1914లో కొలరాడో రాష్ట్రమున లడ్లో గని కార్మికుల శిబిరముపై దాడి జరిగి స్త్రీలును బాలురును మరణించినపుడు, రాక్‌ఫెల్లరుల పక్షమున లీ వెలువరించిన పత్రములలో తప్పులు దొరలినవి. అప్టన్ సింక్లేర్ ఆయన పేరుతోనే శ్లేష కూర్చి విషపులత యని నిందించెను. ప్రతిజ్ఞకును ఆచరణకును నడిమి దూరము ఈ విద్యకు తొలినాటినుండియు నున్నదన్నమాట.

తరువాతివాడు ఎడ్వర్డ్ బెర్నేస్. ఆయన 1923లోను 1928లోను వెలువరించిన రెండు గ్రంథములందు జనాభిప్రాయమును శాస్త్రీయముగా మలచవచ్చునని వాదించెను. రెండవ గ్రంథమునకు ప్రాపగాండా యనియే పేరు పెట్టుకొనెను. 1929లో న్యూయార్కు వీథులలో స్త్రీలచేత సిగరెట్లు కాల్పించి, వానికి స్వాతంత్ర్య జ్యోతులని పేరుంచిన ప్రదర్శన ఆయన రచించినదే. వెనుక నున్నది పొగాకు సంస్థ. ఇందు జనుల మనసును ముందుగా తెలిసికొనుట కలదు. కాని ఆ తెలిసికొనుట వారిని మార్చుటకే గాని తాము మారుటకు గాదు.

బ్రిటనులో 1948లో ఏర్పడిన వృత్తిసంస్థ తన నిర్వచనమున పరస్పరావగాహనమును ప్రధానము చేసినది. రెక్స్ హార్లో 1976లో 472 నిర్వచనములను సమీకరించి వానినుండి ఒకటి కూర్చెను. గ్రూనిగ్, హంట్ అను నిద్దరు 1984లో ఈ విద్యను నాలుగు రీతులుగా విభజించిరి. పేరు తెచ్చిపెట్టుట మొదటిది, సమాచారమిచ్చుట రెండవది. జనుల మాట విని దానితో జనులనే మార్చుట మూడవది. ఇరుపక్షములును మారుట నాలుగవది. అమెరికా వృత్తిసంఘము 2012లో తన సభ్యుల మతము తీసికొని ఉభయ లాభకరమైన సంబంధములను నిర్మించు ప్రక్రియగా దీనిని నిర్వచించినది. బ్రిటిషువారి తరువాతి నిర్వచనము కీర్తిని ప్రధానముగా గైకొన్నది. అనగా పరస్పరావగాహనమునుండి నిర్వచనము తిరిగి సంస్థ ప్రతిష్ఠవైపునకు మొగ్గినది. పరిణామ మనిన ఎల్లప్పుడు ఉన్నతికే యని తలపరాదనుట కిదియొక నిదర్శనము.

ఈ క్రమమున నొక దోషము మాకు గోచరించుచున్నది. నాలుగవ రీతి ఉత్తమమని యందరును ఒప్పుకొందురు. ఇరుపక్షముల బలము సమానము కానిచోట ఇరువురును సమముగా మారుట యెట్లు సాధ్యమను ప్రశ్నకు నిర్వచనము జవాబు చెప్పదు.

భారతదేశమున

మనదేశమున ఈ విద్యకు పూర్వరంగము ప్రభుత్వ ప్రచారమే. మొదటి ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు ప్రభుత్వము కేంద్ర ప్రచార మండలిని నెలకొల్పినది. 1943లో టాటా సంస్థ బొంబాయిలో ప్రత్యేక శాఖ తెరచినది. వృత్తివారి జాతీయ సంఘము 1958లో నేర్పడి, 1968 ఏప్రిల్ 21న ఢిల్లీ మహాసభలో నైతిక నియమావళిని స్వీకరించినది. 1986నుండి ఆ తేదీని జాతీయ దినముగా జరుపుచున్నారు.

గ్రామములలో మాత్రము ప్రభుత్వపు మాట ఏనాటినుండియో టముకు మీదుగా వచ్చినది. చాటింపు వేయువాడు వీథి మొగమున నిలిచి ఆజ్ఞ వినిపించి పోవును. వినినవారు బదులు పలికినను దానిని మోసికొనిపోవుట అతని పని కాదు. స్వాతంత్ర్యానంతరము టముకు స్థానమున కళారూపములు వచ్చినవి. 1940వ దశాబ్దమున ప్రజానాట్యమండలివారు బుఱ్ఱకథను పోరాట సాధనము చేసిరి. 1954లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన గీత, నాటక విభాగము పంచవర్ష ప్రణాళికలకును కుటుంబ నియంత్రణకును అట్టి జానపద రూపములనే వాడుకొన్నది. శ్రీకాకుళ సీమ సొత్తయిన జముకుల కథను సుబ్బారావు పాణిగ్రాహి ఉద్యమ ప్రచారమునకు గైకొనెను. ఆయన 1969లో మరణించెను. రూపమొక్కటే, యజమానులు వేరు. బుఱ్ఱకథయందు వంతపాటగాండ్రు ప్రశ్న వేయుదురు, కథకుడు బదులు చెప్పును. అది సంభాషణవలె కనబడును గాని ఆ ప్రశ్నయు కథకుడు వ్రాసికొన్నదే. ప్రభుత్వ ప్రచారములోని ద్విముఖత్వము చాలవరకు ఇట్టిది. ఆ గీత, నాటక విభాగము 2017లో ఇతర ప్రచార విభాగములతో విలీనమైనది.

ఉత్తరాంధ్రమున రెండు పూర్వ నిదర్శనములు

విజయనగరమున 19వ శతాబ్దాంతమున జరిగిన యొక కార్యము ఈ సందర్భమున స్మరింపదగినది. కన్యాశుల్క దురాచారమును గూర్చి ఆనంద గజపతి మహారాజు విశాఖపట్టణ మండలమున మూడేండ్ల వివాహముల పట్టిక తయారు చేయించెను. గురజాడ అప్పారావు 1897 ముద్రణ పీఠికలో ఆ సంఖ్యను తెలిపెను. నమోదైన వివాహములు 1034. అందు 99 మంది బాలికలు ఐదేండ్లవారు, 44 మంది నాలుగేండ్లవారు, ముగ్గురు ఏడాది వయసువారు. తరువాత నాటకము వ్రాయబడి 1892లో ప్రదర్శింపబడినది. ముందు పరిశోధన, పిమ్మట కార్యము, అటుపై సందేశము, తుదకు ఫలపరీక్ష అను క్రమమును మార్‌స్టన్ 1963లో సూత్రీకరించెను. ఆ మొదటి మెట్టును మన సంస్థానము డెబ్బది యేండ్లకు పైగా ముందే త్రొక్కియున్నది. అంతకన్న ముఖ్యమైనది భాషావిషయము. తన ప్రేక్షకులకు తెలియు వ్యావహారికమును గురజాడ యెరింగియే యెన్నుకొనెను.

అయినను కన్యాశుల్కమును పౌర సంబంధ రచన యనుటకు మేమొప్పుకొనము. ప్రచార రచన తన్ను పోషించినవాని ఉద్దేశమును దాటిపోదు. 1909లో తిరుగ వ్రాసిన నాటకము సంస్కరణోద్దేశమును దాటి, సంస్కర్తలమని చెప్పుకొనువారిని సైతము పరీక్షించినది. గిరీశము తన్ను తాను ప్రకటించుకొనుటలో ఆరితేరినవాడు. మాటయే అతని పెట్టుబడి. ప్రచారకుని స్వభావమును ఇంత నిశితముగా చూపిన పాత్ర ఆంధ్ర సాహిత్యమున మరొకటి లేదు. పోషకుని పట్టికనుండి పుట్టిన రచన ప్రచారకునే నిలదీయుట సాహిత్యమునకును ప్రచారమునకును గల భేదము.

రెండవ నిదర్శనము గిడుగు రామమూర్తి (1863–1940). శ్రీముఖలింగము చెంత పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన యాయన సవరలతో మాటలాడదలచి సవరభాష నేర్చుకొనెను. వారికి తెలుగు నేర్పుట సులభమని యెంచలేదు. వారి భాషలో వాచకములు వ్రాసెను, బడులు నడపెను. ఆయన సవర వ్యాకరణము 1931లోను, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లోను ప్రకటితమైనవి. సంబంధమునకు తొలిమెట్టు ఎదుటివాని భాష నేర్చుట యను నీతిని ఇంత కష్టపడి ఆచరించిన సంస్థ యేదియు మాకు కానరాదు. ఒక వ్యక్తి యాచరించెను. వ్యావహారిక భాషోద్యమమును శైలీవివాదముగా మాత్రమే బోధించుట మన పాఠ్యప్రణాళికల కలవాటు. దస్తరమునకును బడికిని జనులకును నడిమి సంబంధమును గూర్చిన వాదముగా దానిని చదివిన యెడల నేటికిని దాని పదును తగ్గలేదని తెలియును.

సీతమ్మ కథ

ప్రభుత్వ ప్రచారమునకు జనులు నిజముగా బదులు పలికినచో నేమగునో నెల్లూరు జిల్లా చూపినది. 1990 తరువాత అక్షరాస్యతా కార్యక్రమమున స్త్రీలకై వ్రాసిన వాచకములో సీతమ్మ కథయను పాఠముండెను. ఒక గ్రామస్త్రీ సారా దుకాణమును మూయించుట అందలి విషయము. 1991–92లో దూబగుంట స్త్రీలు ఆ పాఠమును చదివి పుస్తకము మూసికొని యూరకుండలేదు. తమ యూరి సారాను నిలిపివేసిరి. ఉద్యమము జిల్లా దాటినది, సారా వేలములు సాగలేదు. 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడినది.

ఇందలి వైరుధ్యము గమనింపదగినది. సారా వేలముల యాదాయము ప్రభుత్వమునకే చేరుచుండెను. సారా వలదను పాఠమును ప్రభుత్వ కార్యక్రమమే బోధించెను. పాఠము ఎడమచేయి, వేలము కుడిచేయి. స్త్రీలు ఎడమచేతి మాటను పట్టుకొని కుడిచేతిని ఆపిరి. సంస్థ మారవలసివచ్చినది. గ్రూనిగ్, హంట్‌ల నాలుగవ రీతికి తెలుగుదేశమున దగ్గరగా వచ్చిన ఘట్టమిది యని మా యభిప్రాయము. ఇది యే పౌర సంబంధ ప్రణాళికవలనను జరుగలేదు. ప్రణాళికను జనులు తమ చేతిలోనికి తీసికొనుటవలన జరిగినది. సందేశము ఉద్దేశించిన హద్దును దాటుట అపజయమని పాఠ్యగ్రంథములు చెప్పును. ఇచ్చట ఆ హద్దు దాటుటయే సంబంధమైనది.

బీల

ఇక మా జిల్లాకు వత్తము. పరిశ్రమలు స్థాపించుటకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుపవలెనను విధి కలదు. కేంద్రప్రభుత్వము 2006 సెప్టెంబరు 14న ప్రకటించిన పర్యావరణ ప్రభావ ఉత్తర్వునందు దాని పద్ధతి వివరింపబడినది. సభకు 30 దినములు తక్కువ కాకుండ ముందుగా తెలియజేయవలెను. నివేదిక సంగ్రహము స్థానిక భాషలో నుండవలెను. వార్తాపత్రికలు చేరనిచోట్ల డప్పు వేయించి చాటవలెనని కూడ అందున్నది. అనగా మన టముకు 21వ శతాబ్దపు చట్టమునందును నిలిచియున్నది. సభ ముగియునపుడు జనుల మాటల సంగ్రహమును స్థానిక భాషలో చదివి వినిపించవలెను. ఇంతవరకు ద్విముఖ సంబంధమునకు ఇంతకన్న మంచి నియమావళిని ఏ పాఠ్యగ్రంథమును వ్రాయలేదు. కాని అదే ఉత్తర్వున సభ యారంభించుటకు హాజరు సంఖ్య యింతయుండవలెనను నియమము లేదని కలదు. ఎవ్వరును రానిచో సంబంధము ఎవరితో కుదిరినట్లు?

సోంపేట ప్రాంతమున ప్రతిపాదింపబడిన బొగ్గు విద్యుత్కేంద్రము విషయము జగద్విదితము. 2010 జులై 14న అచ్చట పోలీసు కాల్పులు జరిగి ప్రాణనష్టము సంభవించినది. ఆ మాసముననే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికార సంస్థ ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దుచేసినది. రాజకీయ చరిత్రను వ్రాయుట మా యుద్దేశము కాదు. అందలి యొక్క పదమును మాత్రమే చూపదలచినాము. ఆ భూమి దస్తరములలో నిరుపయోగ భూమి. స్థానికులకు అది బీల. నీరు నిలిచి, చేపలు పెరిగి, పశువులు మేసి, చుట్టుపట్ల పొలములకు తేమనిచ్చు పల్లపు నేల యని ఆ చిన్నమాటలో నిమిడియున్నది. నిరుపయోగమను పదమున ఆ బ్రతుకులేవియు లేవు. బీలకు సమానార్థకము దస్తరమున లేకపోవుటచేత, బీలను గూర్చి జనులు చెప్పిన మాట దస్తరమున కెక్కుటకు చోటు లేకపోయినది. సమాచారము కొరవడుటవలన తగవు వచ్చినదని పౌర సంబంధ నిపుణులు చెప్పుదురు. సమాచారము కొరవడినమాట నిజమే. కాని అది కొరవడినది జనులకు గాదు, దస్తరమునకు.

జనులకింకను తెలియజెప్పినచో సరిపోయెడిదనువారు టముకు కాలముననే నిలిచియున్నారు. నిర్వచనము నాలుగవ రీతికి చేరినదని చదివి, ఆచరణ మొదటి రెంటిలో నిలిచియుండుటను గమనింపకుండుట మన పరిశోధకులకు తగదు.

ఉపసంహారము

పైని విచారమువలన తేలినదేమి? పాశ్చాత్యులు ఈ విద్యను సత్యము, అవగాహన, ఉభయలాభము, కీర్తి యను పదములతో క్రమముగా నిర్వచించుచు వచ్చిరి. ఇవన్నియు సంస్థ గుమ్మమున నిలిచి బయటికి చూచి చెప్పిన నిర్వచనములు. జనుల గుమ్మమునుండి చూచిన నిర్వచనము వేరుగా నుండును. తెలుగు సంబంధ శబ్దమందే దాని బీజము కలదు. కాదనుటకు స్వేచ్ఛగల పక్షముతో కుదిరినదే సంబంధము. కాదను మాటకు చోటులేనిచోట నడచునది చాటింపు మాత్రమే. దానికి ఏ పేరు పెట్టినను ఒకటే. ఈ దృష్టితో పౌర సంబంధము అను ప్రభుత్వ నామమే మేలైనదని మా యభిప్రాయము. పౌరునకు కాదనుటకు హక్కు కలదు. ఆ పేరును పెట్టినవారు ఇంత ఆలోచించిరో లేదో గాని, పేరు మాత్రము వారికొక బాధ్యత నిర్ణయించినది.

తెలుగున పలుకుబడి యను పదమునకు రెండర్థములు. భాషలోని వాడుక యని యొకటి, అధికారులవద్ద చెల్లుబాటు అని మరొకటి. రెండవ పలుకుబడి లేనివాని మొదటి పలుకుబడిని దస్తరమున కెక్కించుట పౌర సంబంధ విద్యకు గమ్యము కావలెను. గిడుగువారు సవరలకై చేసినది అదియే, బీల జనులకు జరుగనిది అదియే.

పరిశోధక విద్యార్థులకొక సూచన చేసి విరమింతుము. ప్రజాభిప్రాయ సభల కార్యక్రమ పత్రములు బహిరంగ పత్రములు. వానిలో జనులు పలికిన మాటలేవి, వ్రాతలో నిలిచిన మాటలేవి, బీలవంటి పదములెన్ని నిరుపయోగ భూములుగా మారినవి యని సరిపోల్చి చూచినచో గొప్ప పరిశోధన కాగలదు. అందుకు భాష తెలిసినవారే కావలెను. ఈ పని వాణిజ్యశాస్త్రమువారిది కాదు, మనది.